పసుపులో తేలిన పాతిక

మా గరాజ్ గోడకు అరచేయంత అల్యూమినియం రేకు ఒకటి వేలాడుతుంటుంది. దాని అంకెల గాడుల్లో ఇంకా పసుపు ఉంది.

అమెరికాలో మేమున్న ట్రాయ్‌లో మా చిన్నప్పటి వేసవులంటే కోసిన గడ్డి వాసన, ఇంటి వెనక చెక్క డెక్ మీద ఎండబెట్టిన మాగాయ ముక్కలు, స్ప్రింక్లర్ల కింద గెంతులు, శనివారం లేక్ ఒడ్డున తినే పులిహోర. అలాంటి ఒక వేసవిలో, కార్ల కంపెనీలో ఇంజనీరైన నాన్న నాకంటే వయసులో పెద్దదైన మోటార్ బోటు ఒకటి కొన్నాడు. ఎంతమంది ఎక్కొచ్చో, ఎంత బరువు మొయ్యగలదో, ఎంత మోటార్ బిగించొచ్చో చెప్పే ప్లేటు ఒకటి ప్రతి బోటుకూ ఉంటుంది. మాదాని మీద రంగంతా పోయి, ఒక్క అంకె కూడా కనపడేది కాదు. నాన్న పొడుగూ వెడల్పూ చూసి, నలభై హార్స్‌పవర్ పడుతుందని తేల్చేసి, స్నేహితుడి దగ్గర అంతటి మోటార్ తెచ్చాడు. బోటు వెనకాల గాలి నింపిన ట్యూబ్ కట్టి, దాని మీద కూర్చుని నీళ్ల మీద ఎగిరిపోతానని నేను బడంతా చాటింపు వేశాను.

రాజమండ్రి నుంచి వచ్చిన నాయనమ్మ, పూజ చెయ్యందే కదలనివ్వనంది. ట్రెయిలర్ చక్రాల కింద నిమ్మకాయలు పెట్టించి, డ్రైవ్‌వేలో కొబ్బరికాయ కొట్టించి, స్టీరింగ్ పక్కనున్న ప్లేటుకు దండిగా పసుపు పూసి, ఎక్కువైందని గుడ్డతో తుడిచింది. గాడుల్లో నిలిచిన పసుపులో అక్షరాలు తేలాయి. నేనే ఉత్సాహంగా పైకి చదివాను: "మాక్సిమమ్ హార్స్‌పవర్, ట్వెంటీ ఫైవ్."

నాన్న వంగి రెండుసార్లు చూసుకున్నాడు.

"ఎంత మొయ్యగలదో అదే చెప్పుకుంది కదరా, ఇంక నీ లెక్కలాపు," అంది నాయనమ్మ.

నలభై వెనక్కి పోయి, పాతిక వచ్చింది. నేను ఆ పూట అన్నం మానేశాను.

బోటు నిజంగానే నత్తనడక నడిచింది. ఆ నడక చూసే, గోదారి ఒడ్డున పుట్టి కూడా నీళ్లంటే భయపడే నాయనమ్మ, చీర మీద స్వెటర్ తొడుక్కుని, నా చెయ్యి గట్టిగా పట్టుకుని ఎక్కింది. ఆ తర్వాత ప్రతి శనివారం ఎక్కింది. "ఒరే, ఇంకాస్త మెల్లిగా పోనీరా," అని నాన్నను సతాయిస్తూ, నా నోట్లో జంతిక పెట్టేది. అంత సుఖంగా నేను మళ్లీ ఎక్కడా కూర్చోలేదు.

అడుగు చిల్లులు పడి ఆ బోటు తుక్కుకు పోయింది; ప్లేటొక్కటే ఊడదీసి ఉంచుకున్నాను. నాయనమ్మా లేదు. ఇప్పుడు నా బోటుకు తొంభై హార్స్‌పవర్, ప్లేటు అనుమతించినంతా బిగించాను. ట్యూబ్ మీద నుంచి పిల్లలు ఇంకా ఫాస్ట్‌గా పొమ్మని అరుస్తుంటారు. మెల్లిగా పోనిమ్మనేవాళ్లే లేరు.