ఏడో నంబరు చోటు

లోవెల్ స్టానెక్ బతికింది ఇన్సూరెన్సు అమ్మి. కానీ ఊరికి అతను తెలిసింది కాలేజీ ఫుట్‌బాల్ జట్టుకి చందాలు వసూలు చేసేవాడిగానే. అమెరికాలో ఐయోవా రాష్ట్రంలోని ఆ చిన్న కాలేజీ జట్టు పేరు ముళ్లపందులు. దాని అభిమానుల క్లబ్బుకి ఇరవై ఏడేళ్లుగా అతనే కార్యదర్శి. జీతం లేదు. "జీతమిచ్చే పనైతే నన్నెప్పుడో తీసేసేవాళ్లు" అని తనే నవ్వేవాడు.

అడగందే అమ్మైనా పెట్టదన్నది అతని సిద్ధాంతం. ఒకసారి అంత్యక్రియల దగ్గర కూడా అడిగాడు. పోయినాయన కొడుకు ఏడుస్తూనే చెక్కు రాశాడు. అది తలుచుకుంటే లోవెల్‌కి సిగ్గేసేది గానీ, చెక్కు పెద్దది కావడంతో ఆ సిగ్గు ఎంతోసేపు నిలిచేది కాదు.

ఇచ్చినవాళ్లకి మర్యాదలూ అతనే కనిపెట్టాడు. కొద్దిగా ఇస్తే 'ఒక ముల్లు' సభ్యత్వం, కారుకి స్టిక్కరు. ఇంకాస్త ఇస్తే పది ముళ్లు, టోపీ. వంద ముళ్లవాళ్లకి స్టేడియం గోడలో పేరు చెక్కిన ఇటుక. అయితే ఇటుక కోసం ఎవరూ జేబులో చెయ్యి పెట్టరని అతనికి తెలుసు. ఆట ఉన్న శనివారం కారు ఎక్కడ ఆపుకుంటావన్నదాన్ని బట్టే అక్కడ మనిషి విలువ. పొద్దున్నే కారు వెనక తలుపెత్తి, పొయ్యి రాజేసి, వచ్చేపోయేవాళ్లకి వేడివేడి సాసేజ్‌లు పెట్టాలి. స్టేడియం గేటు పక్కనైతే ఊరంతా వచ్చి పలకరిస్తుంది. దూరమైతే ఈగలు పలకరిస్తాయి. అందుకే లోవెల్ పాయింట్ల పద్ధతి పెట్టాడు. ఎక్కువిచ్చినవాడికి గేటుకి దగ్గర చోటు.

గేటు పక్కన మేపుల్ చెట్టు నీడలో ఉన్న ఏడో నంబరు చోటు మాత్రం లోవెల్‌ది. పద్ధతి రాకముందునుంచీ అతనిదే కాబట్టి ఎవరూ అడగలేదు. వారమంతా ఇన్సూరెన్సువాడు వస్తున్నాడని వీధి దాటి అవతలికి పోయే జనం, శనివారం అక్కడ ఆగి భుజం తట్టేవారు. ఆ చోటు లేకపోతే తానెవరో అతనికే అనుమానం.

ఆ సంవత్సరం పిడుగు పడి స్కోరుబోర్డు కాలిపోయింది. కొత్తది కొనివ్వగలిగింది ధాన్యం గోదాముల యజమానురాలు ఆర్డిత్ థొర్సన్ ఒక్కతే. లోవెల్ ఎనిమిది నెలలు ఆవిడ చుట్టూ తిరిగాడు. ఆవిడ పిల్లికి పుట్టినరోజు కార్డు కూడా పంపాడు. చివరికి ఆవిడ మెత్తబడింది.

"స్కోరుబోర్డు ఇస్తానయ్యా. ఇటుకా వద్దు, నా పేరూ రాయొద్దు. నాకు ఎండ పడదు. ఆ మేపుల్ చెట్టు కింద చోటిప్పించు చాలు."

ఆవిడ అడిగింది లోవెల్ ఏడో నంబరునే. "అక్కడ నేల కాస్త ఏటవాలుగా ఉంటుందమ్మా."

"నా కారుకి బ్రేకులున్నాయిలే."

మంగళవారం క్లబ్బు సమావేశంలో లోవెల్ గొంతు సవరించుకుని, తన ఇరవై ఏడేళ్ల చాకిరీకి ఏమైనా పాయింట్లొస్తాయేమో చూడమన్నాడు. అధ్యక్షుడు మెర్ల్ రూల్స్ పుస్తకం తిరగేశాడు.

"పదకొండో రూలు. పనికి పాయింట్లు లేవు. కింద సంతకం నీదే కదరా!"

"ఎక్కడా సందే లేకుండా రాశాను, వెధవని," అన్నాడు లోవెల్.

ఆ రూలు అతను తొమ్మిదేళ్ల కిందట రాసింది. స్టేడియంలో పాప్‌కార్న్ కొట్టు జీతం లేకుండా నడిపే బెర్నీటా, తన పనికీ పాయింట్లివ్వమని అడిగితే, కాదనడానికి రాశాడు. ఇప్పుడు కొత్త జాబితా టైపు చేయాల్సిందీ అతనే. లోవెల్ స్టానెక్, చందా సున్నా, పాయింట్లు సున్నా, చోటు నూట ఎనభై ఆరు.

శనివారం కారు ఏడో నంబరు దాటి, కంకర రోడ్డు దాటి, చెత్తడబ్బాల దాకా పోయింది.

"ఏవయ్యా, ఇంకా ఎంత దూరం?" అంది భార్య మాక్సీన్. "పక్క ఊరొచ్చేట్టుంది."

నూట ఎనభై ఐదులో ఒక పాత వ్యాను ఉంది. దాని పక్కన మడత కుర్చీలో బెర్నీటా కూర్చుని ఉల్లిపాయలు తరుగుతోంది.

"ఏం లోవెలూ, దారి తప్పావా?"

"లేదు బెర్నీటా. సరిగ్గా నేను గీసిన దారినే వచ్చాను."

ఆవిడ విరగబడి నవ్వింది. నవ్వు ఆగాక వ్యానులోంచి ఒక మడతలు పడ్డ కాగితం తెచ్చింది. పైన ముళ్లపంది బొమ్మ చూడగానే లోవెల్ గుర్తుపట్టాడు.

"చదువు. నీ నోట వినాలనుంది."

అతను చదివాడు. "ప్రియమైన బెర్నీటా, మీ సేవ వెలకట్టలేనిది. వెల కట్టలేం కనుక పాయింట్లూ కట్టలేం. కృతజ్ఞతతో ఒక స్టిక్కరు పంపుతున్నాం."

రాసిన రోజున ఆ వాక్యం చూసుకుని తను మురిసిపోవడం కూడా అతనికి గుర్తొచ్చింది. సిగ్గేసింది. ఈసారి దాన్ని కప్పడానికి ఏ చెక్కూ లేదు.

"తప్పు చేశాను బెర్నీటా. తొమ్మిదేళ్లూ దీన్ని దాచావా?"

"పారేద్దామనే అనుకున్నా. ఇంత మర్యాదగా లేదు పొమ్మనిపించుకోవడం మళ్లీ దొరకదని ఉంచా."

ఆవిడ కాగితం తీసుకుని, పెన్నుతో తన పేరు కొట్టేసి, పైన అతని పేరు రాసి చేతికిచ్చింది. "స్టిక్కరు మాత్రం వాడేశాను, ఏమనుకోకు," అంది. కుర్చీ ఒకటి అతని వైపు జరిపింది.

మాక్సీన్ భర్త భుజం మీదుగా వంగి కాగితం మొత్తం చదివింది.

"పోనీలేవయ్యా," అంది, "ఇరవై ఏడేళ్లకి నీకూ ఒక థాంక్స్ ఉత్తరం వచ్చింది."