రాహుకాలానికి ముందు పెట్టిన పాట

మద్రాసు జార్జి టౌన్‌లో మా చిట్టీల కంపెనీకి ఇరవై ఏళ్ళకు పైగా పెద్ద గుమాస్తాగా ఉన్నాయన పోయిన మంగళవారం కన్నుమూశారు. పొద్దున కాఫీ తాగి, పేపరు మడిచి పెట్టి, కుర్చీలోనే వెళ్ళిపోయారట. ఎవరిచేతా చేయించుకోకుండా పోవాలని ఆయన కోరిక. అది తీరిందని వినగానే, ఏడుపుతో పాటు మనసు తేలికపడింది.

ఆయనకు పొడుం అలవాటు, ముక్కుమీద కోపం. నాన్న పోయాక కంపెనీ నా చేతికొచ్చేసరికి నాకు ముప్ఫై నిండలేదు, పొగరు మాత్రం నిండా ఉంది. ప్రతి నెలా చీటీ పాట అయ్యాక ఎవరెవరు వచ్చారు, ఎన్నింటికి మొదలైంది, చీటీ ఎవరికి పోయింది అని రాసి, నేను సంతకం పెట్టి, గడువులోగా రిజిస్ట్రారు ఆఫీసులో ఇవ్వాలి. నాకది వట్టి చాదస్తంగా తోచేది. ఆయన మాత్రం ఆ కాగితం తానే తీసుకెళ్ళి, నకలు మీద సీలు వేయించుకుని, సిరా ఆరేదాకా ఊదుతూ అక్కడే నిలబడేవారు.

ఒకసారి శుక్రవారం పదిన్నరకు పాట అని నోటీసు పంపాను. సరిగ్గా రాహుకాలం మొదలయ్యే వేళ అది. ఆ పొద్దున మా అమ్మ గోల పెట్టేదాకా నాకు తట్టలేదు. అప్పటికే వచ్చినవాళ్ళంతా అమ్మ మాటకే తలూపారు. పదింటికే పాట పెట్టి ముగించేశాం. పదీ ఇరవైకి చింతాద్రిపేట నుంచి ఒకావిడ బస్సు దిగి పరుగున వచ్చింది. కూతుర్ని నర్సు చదువులో చేర్చడానికి ఆ నెల చీటీ పాడుకుందామనుకుందట. అయిపోయిందంటే నమ్మలేక గుమ్మంలోనే కూలబడింది.

సాయంత్రం గుమాస్తా గారు రాసిన రిపోర్టులో ‘పదింటికి’ అని ఉంది.

"పదిన్నర అని వేయండి. లైసెన్సు పోతే ఏం చేసేది?" అన్నాను.

"రిజిస్ట్రారు ఈడకొచ్చి చూళ్ళేదు చిన్నయ్యా. మన కాగితాన్ని నమ్ముకోని ఆడ కూచోనుండాడు. నేను రాయను. కావాలంటే వేరే ఆళ్ళని పెట్టుకో" అని పెన్నుకు మూత పెట్టేశారు.

లోలోపల తిట్టుకుంటూనే సంతకం చేశాను.

పది రోజులకు రిజిస్ట్రారు ఆఫీసు నుంచి పిలుపొస్తే గుమాస్తా గారూ నేనూ వెళ్ళాం. ఆవిడ ఫిర్యాదునూ మా రిపోర్టునూ పక్కపక్కన పెట్టుకుని అధికారి చదివాడు. చివరికి ఆయన అరవంలో తేల్చి చెప్పాడు. రెండు కాగితాల్లోనూ ఒకటే మాట ఉంది గనక సరిపోయింది, పదిన్నర అని ఉంటే లైసెన్సు రద్దుకు రాసేవాణ్ణి, మళ్ళీ నోటీసిచ్చి పాట పెట్టండి అన్నాడు.

బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని ఊపిరి పీల్చుకున్నాను. గుమాస్తా గారు తీరిగ్గా పొడుం పట్టి, "ఈ తూరన్నా పంచాంగం చూసి నోటీసు రాయప్పా" అన్నారు. ముందు పాడుకున్నాయన మూతి ముడిచాడు గానీ, రెండో పాటలో చీటీ ఆవిడకే దక్కింది.

నన్ను నిలబెట్టింది ఆయన మొండితనమే. ఆ మాట ఆయన బతికుండగా ఒక్కసారీ చెప్పలేదు.

నిన్న ఆయన కొడుకుతో కలిసి, మరణం నమోదు చేయించడానికి కార్పొరేషన్ ఆఫీసుకు వెళ్ళాను. రసీదు మీద సీలు వేసి ఇచ్చారు. కొడుకు దాన్ని మడవబోయాడు. "ఉండప్పా" అని అందుకుని, సిరా ఆరేదాకా ఊదుతూ అక్కడే నిలబడ్డాను.