గాలి తాగిన డీజిల్

మద్రాసు రేవులో పత్తి బేళ్లు దించడానికి పోయినప్పుడు మొదటిసారి సరుకు ఓడను దగ్గరగా చూశాను. ఎనభైల్లో మాట. దాని మీద ఇనుప పెట్టెలు అంతస్తులుగా పేర్చి ఉన్నాయి. ముందు పక్క నిలువు గోడ. మా వాళ్లంతా నోళ్లు వెళ్లబెట్టి చూస్తుంటే నేను మాత్రం, ముందర వాలు లేదే, దీని నూనె సగం గాలికే పోతుంది కదా అన్నాను. పక్కనున్న గుమస్తా పగలబడి నవ్వాడు. లారీ డ్రైవరు ఓడకు వంక పెడుతున్నాడని పదిమందికీ చెప్పి మరీ నవ్వించాడు. నవ్వుకోనీ. గాలి సంగతి నాకు చెప్పేవాడు ఇంకా పుట్టలేదు. ఆ గాలి వల్ల దొంగ అనిపించుకున్న మనిషిని నేను.

అది డెబ్బైల్లో, డీజిల్ కోసం బంకుల ముందు లారీలు బారులు తీరిన రోజుల్లో. ఆదోనిలో ఒక షావుకారు దగ్గర లారీ నడిపేవాణ్ని. కోడుమూరులో పత్తి బోరాలు ఎత్తుకుని, గోనెగండ్ల, ఎమ్మిగనూరు మీదుగా ఆదోని మిల్లుకు చేర్చడం నా పని. కోడుమూరులో ట్యాంకు నింపి బయల్దేరితే ఆదోనిలో ఎంత మిగలాలో చలికాలంలో ఒకసారి చూసి, షావుకారు ఒక వెదురు కర్రకు కత్తితో గాటు పెట్టాడు. ఆషాఢం వచ్చేసరికి ఆ కర్ర ట్యాంకులో దించితే తడి గాటుకు చాలా కిందనే ఆగిపోయేది. అదే దారిలో జొన్న మూటలు మోసే షావుకారు రెండో లారీకి బరువు ఎక్కువ, ఖర్చు తక్కువ. ఒకరోజు మిల్లు వాకిట్లో, హమాలీలందరూ వింటుండగా షావుకారు అడిగేశాడు.

"డీజిల్ లారీ తాగుతాందా, నువ్వు అమ్ముకుంటాండావా?"

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకునే రకం కాదు నేను. మరునాడే షావుకారు కోడుమూరుకొచ్చి, నింపిన ట్యాంకు మూతకు తాళం వేసి, తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాడు. తాళం వేసినా తడి గాటుకు కిందే ఉంది. అప్పుడైనా నమ్మాడా? నేనే దొంగచాటుగా మారు తాళంచెవి చేయించి ఉంటానన్నాడు. డీజిల్ దొంగ అని ఒక్కసారి పేరు పడితే ఆదోనిలో ఇంకెవడూ మనకు లారీ ఇవ్వడు. ఇంటికి పోయి కంచం ముందు కూర్చుంటే ముద్ద దిగలేదు.

ఆ వారమే ఎమ్మిగనూరు సంతలో ఇంటి వాకిలికి ఒక తడిక కొన్నాను. ఆషాఢపు పడమటి గాలి ఎట్లాంటిదో మా వైపు వాళ్లకు చెప్పక్కర్లేదు. తడికను ముందు నిలువుగా పట్టుకుని ఎదురు నడుస్తుంటే ఒక్క అడుగు పడనివ్వలేదు. తిట్టుకుంటూ దాన్ని తల మీదికి ఏటవాలుగా వంచాను. గాలి పైనుంచి జారిపోయింది, కాళ్లు కదిలాయి. నడిరోడ్డు మీద అట్లాగే నిలబడిపోయాను. కోడుమూరు నుంచి ఆదోనికి పోవడమంటే పడమటికి పోవడమే. నా లారీ క్యాబిన్ పైన బోరాలు కూడా ఈ తడిక లాగే నిటారుగా నిలబడి ఉంటాయి. దొంగ దొరికాడు అనుకున్నాను.

మరునాడు షావుకారు ముందు నిలబడ్డాను.

"ఈసారి మీరే నా పక్కన కూచోండప్పా. చెవి మీ దగ్గరే ఉండనీ, కర్ర మీరే దించండి. తడి గాటు దాటకపోతే దొంగనని ఒప్పుకుని లారీ వదిలి పోతా."

సరేనన్నాడు. అన్నాక గానీ నాకు తెలిసిరాలేదు. ఒక తడికను నమ్మి పేరును పందెం కాశాను.

ఇక కోడుమూరు హమాలీల మేస్త్రీతో పడింది గొడవ. క్యాబిన్ మీద బోరాలను గోడ కట్టినట్టు లేపడంలో అతన్ని మించినవాడు లేడు. ఆ గోడ ఎత్తే అతని పరువు. పైన చివరి బోరాకు వేపకొమ్మ గుచ్చి, కిందికి దిగి, నడుము మీద చేతులేసుకుని చూసి మురిసిపోయేవాడు. ముందు వరసలు మెట్లుగా వాల్చి, మిగిలిన బోరాలు వెనక కట్టమన్నాను. పైన కప్పే పట్ట టపటపా కొట్టుకోకుండా క్యాబిన్ అంచు దాకా బిగించమన్నాను. పిచ్చి కుదిరింది రోకలి తలకు చుట్టమన్నట్టుంది అన్నాడు. ముక్కు కోసిన పెళ్లికూతుర్ని ఊరేగిస్తావా అన్నాడు. పక్క ముఠా వాళ్లు నవ్వుతారని అతని బాధ. నన్ను చూసి ఊరంతా ఉమ్ముతోంది, దానికేమంటావని లేచాను. అతను నా మొహం చూసి, బోరా భుజానికెత్తుకున్నాడు.

బోరా ఒక్కటీ తగ్గలేదు, షావుకారు రెండుసార్లు లెక్కపెట్టాడు. గోనెగండ్ల దాటగానే గాలి ఎదురొచ్చింది. ఎప్పుడూ అక్కడ స్టీరింగు వణికేది, మిట్ట ఎక్కాలంటే గేరు దించక తప్పేది కాదు. ఆ రోజు అదే గేరులో ఎక్కేసింది. పట్ట చప్పుడే లేదు.

మిల్లు వాకిట్లో ఆ రోజు విన్న హమాలీలే మళ్లీ చుట్టూ చేరారు. షావుకారు తాళం తీసి కర్ర దించాడు. పైకి తీస్తే తడి గాటును దాటి నాలుగు వేళ్లు పైకి ఉంది. పంచెతో తుడిచి మళ్లీ దించాడు. అంతే ఉంది. మూడోసారి కూడా దించి చూసి, కర్ర పక్కన పెట్టి, మునుపు అడిగినంత గట్టిగానే చెప్పాడు.

"దొంగ ఈయప్ప కాదు. తప్పు నాది."

అప్పుడైనా నేను ఊరుకోవాలి కదా! ఊరుకుంటే నేనెందుకవుతాను?

"తాళం పారేయద్దప్పా," అన్నాను, "గాలికి వేద్దురుగానీ."

వాకిలంతా నవ్వింది, షావుకారుతో సహా. దీపావళి నాటికి కోడుమూరు నుంచి వచ్చే ప్రతి పత్తి లారీకీ ముక్కు కోసే ఉంది. అది తన తెలివేనని మేస్త్రీ ఊరంతా చెప్పుకుని తిరిగాడు. అవన్నీ తర్వాతి సంగతులు. ఆ రోజు మాత్రం నేను నేరుగా ఇంటికి పోయి, కంచం ముందు కూర్చుని, మూడుసార్లు అడిగి అన్నం పెట్టించుకున్నాను.