చప్పుడు చేయని ఎర్ర పెట్టె

మొన్న మంగళవారం పొద్దున మా పక్కింటి పెదనాన్న పోయాడు. పెద్దమ్మ కాఫీ తెచ్చేలోపే ప్రాణం పోయిందంట. నరసరావుపేటలో మా వీధి వీధంతా వచ్చింది. ఆయన పనిచేసిన కంపెనీ నుంచి మాత్రం ఇంత లావు దండొకటి వచ్చింది. ఆ దండ చూడగానే నాకు ఒళ్ళు మండింది. ఎందుకో చెప్తా వినండి.

పెదనాన్నకి పుట్టుకతోనే చూపు లేదు. బోరు మోటార్లు అమ్మే ఆ కంపెనీలో ఫోన్ల దగ్గర ఇరవై ఏళ్ళకు పైగా కూర్చున్నాడు. రైతు "హలో" అంటే చాలు, "ఏంది, రొంపిచెర్ల నుంచేగా? మళ్ళీ కాలిందా మోటారు?" అనేవాడు. ఇస్త్రీ చొక్కా లేనిదే గడప దాటేవాడు కాదు. టీ గ్లాసు కీబోర్డుకి ఎడమ పక్కనే ఉండాలి, ఎవరన్నా జరిపితే తిట్లే. ఫిర్యాదులు కంప్యూటర్లోకి ఎక్కించేదీ ఆయనే. తెర మీదున్నది చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ ఉండేది. దాన్ని చిలక అనేవాడు.

ఆ కంపెనీకి కొత్త డెస్క్‌టాప్ ప్రోగ్రాం రాసింది నేనే. పాతదాంట్లో మోటారు నంబరు తప్పు కొడితే మెసేజీ తెర మధ్యలోకొచ్చి నిలబడేది, చిలక చదివేది. మోటుగా ఉందని నేను దాన్ని తీసేశా. మూలన ఎర్ర పెట్టె పెట్టా: "నంబరులో ఒక అంకె తక్కువ. సేవ్ కాలేదు." నాలుగు సెకన్లు కనపడి మాయమవుద్ది. ఎంత ముద్దుగా ఉందోనని మురిసిపోయా కూడా. చిన్నప్పుడు నాకు ఎక్కాలు నేర్పిన మనిషి దాని ముందు కూర్చుంటాడని నా మట్టిబుర్రకి తట్టలేదు. సిగ్గుపడుతూనే రాస్తున్నా ఈ మాట.

పెట్టె చప్పుడు లేకుండా వచ్చిపోయేది, చిలక దాన్ని చదివేది కాదు. ఆయనేమో ఫిర్యాదు ఎక్కిందనుకునేవాడు. రొంపిచెర్ల రైతొకాయన మూడుసార్లు ఫోన్ చేసి, మిరపతోట ఎండిపోతుంటే ఆఫీసుకొచ్చి అరిచాడు. ఆయన అరవటం న్యాయమే. కానీ మేనేజరు "కళ్ళు లేనోణ్ణి కూర్చోబెడితే ఇంతే" అని అందరి ముందూ అనేసి, పెదనాన్నని వరండాలో స్టూలు మీదకి పంపాడు. అక్కడ ఆయనకి ఏ పనీ లేదు.

ఆ సాయంత్రమే మా ఇంటికొచ్చాడు. "ఏమే, తెర మీద పెట్టె వచ్చిద్దంటగా? వచ్చినట్టు నాకెవరు చెప్పాలే?"

నేను "పాపం పెదనాన్నా..." అని ఏదో గొణిగా.

"జాలి ఎవరిక్కావాలే? నాకు కబురు చాలు. నా కుర్చీ నాకు ఇప్పించు."

ఆదివారం మా ఇంట్లో కంప్యూటర్ ముందు ఇద్దరం కూర్చున్నాం. పెట్టె కనపడుతోందా లేదా అని సెకనుకోసారి చూసేట్టు మొదట రాశా. చిలక అదే ముక్క నాలుగుసార్లు చదివింది. "దీనికి నత్తి పట్టిందేందే!" అని పడీపడీ నవ్వాడు. మాటిమాటికీ వెళ్ళి చూడటం మానేసి, పెట్టె కనపడగానే ప్రోగ్రాంకి కబురు అందే పద్ధతి పెట్టా. మాయమైనప్పుడూ అదే కబురు వచ్చిద్ది కాబట్టి, తెర మీద ఉంటేనే చదవమన్నా. అంతా కలిపి నాలుగు లైన్లు. ఆయన కావాలనే ఒక అంకె తగ్గించి కొట్టాడు. చిలక ఒక్కసారే చదివింది. మళ్ళీ కొట్టాడు. చిన్నపిల్లాడిలా పదిసార్లు కొట్టుంటాడు.

ఆ లైన్లు ఆఫీసులో ఎక్కిస్తానంటే మేనేజరేమో "తర్వాత అప్‌డేట్‌లో చూద్దాంలేమ్మా" అన్నాడు. ఎనిమిది నెలలు తిప్పాడు నన్ను. నాలుగు లైన్లకి ఎనిమిది నెలలా! చానా పెద్ద పని మరి! పెదనాన్న రోజూ ఇస్త్రీ చొక్కా వేసుకుని ఆ స్టూలు మీదకే వెళ్ళాడు. లోపల ఫోన్ మోగినప్పుడల్లా చెయ్యి ముందుకు పోయేదని ఆయనే చెప్పాడు.

నిన్న ఆఫీసులోనే సంతాప సభ పెట్టారు. పెదనాన్న ఫోటో, దానికో దండ. "ఆయన మా కంపెనీకి కొండంత అండ" అని మేనేజరు గొంతు బొంగురు చేసుకుని మాట్లాడుతున్నాడు. నేను కూర్చున్న పక్కనే పెదనాన్న కుర్చీ, అందులో కొత్తతను. ఫోన్ మోగింది. అతను నంబరు కొట్టి, సభ వైపు తల తిప్పాడు. మూలన ఎర్ర పెట్టె వచ్చింది. నాలుగు సెకన్లు ఉండి పోయింది. అతనికి రెండు కళ్ళూ నిక్షేపంగా ఉన్నాయి, చూడలేదు. "రాసుకున్నామండీ, మనిషిని పంపిస్తాం" అని ఫోన్ పెట్టేశాడు.

నేను లేచి నిలబడ్డా. సభంతా వినపడేట్టు చదివా: "నంబరులో ఒక అంకె తక్కువ. సేవ్ కాలేదు."