పాత్రలో మిగిలింది

ఒక మనిషికి తాగుబోతు అన్న పేరు నేను తెచ్చిపెట్టాను. ఆ మనిషి మా చర్చి గురువు. ఇన్నేళ్లూ ఈ బరువు ఎవరి ముందూ దించలేదు. మీరెవరో నాకు తెలియదు, అదే మేలు. వినండి.

పుంగనూరు చర్చికి అయ్యగారు వచ్చేనాటికి నేను కొత్తగా టీచరునయ్యాను. మా అమ్మ రామసముద్రం వైపు చెనక్కాయ చేలల్లో కూలి చేసి నన్ను చదివించింది. అయ్యగారు ఆ ఊళ్ల కూలివాళ్లందరినీ ఆదివారాలు చర్చికి రప్పించారు. ప్రభు భోజన సంస్కారంలో ద్రాక్షారసానికి అందరికీ ఒకటే పాత్ర. పెద్ద కుటుంబాల వాళ్లు తాగిన పాత్రకే మా అమ్మా పెదవి ఆనించేది. పెద్దలకు అది గిట్టలేదు. ఎవరి చిన్న గ్లాసు వాళ్లకు పెట్టమన్నారు, శుభ్రత కోసమట. అయ్యగారు ఒప్పుకోలేదు.

ఆరాధన అయ్యాక పాత్రలో మిగిలిన ద్రాక్షారసాన్ని పారబోయకూడదు, గురువే తాగెయ్యాలి. అది మా పద్ధతి. కడగడానికి నీళ్లు పోసేవాణ్ణి నేనే. అయ్యగారి నోట్లో వాసన వస్తోందని పెద్దలు పైవాళ్లకు ఫిర్యాదు చేశారు. అవునని సాక్ష్యం చెబితే నన్ను చర్చి కమిటీలోకి తీసుకుంటామన్నారు. వాళ్ల పక్కన కుర్చీ. కూలిదాని కొడుకుకు అంతకంటే ఏం కావాలి? విచారణకు వచ్చినాయన, పాత్రలో మిగిలింది తాగినందుకేనా ఆ వాసన, అని నన్ను అడిగాడు.

కాదు, విడిగా కూడా తాగుతారు, అన్నాను.

అయ్యగారిని కుప్పానికి మార్చారు. ఆయన వెళ్లే పొద్దున సామాన్లు ఎత్తడానికి సిగ్గు లేకుండా నేనూ పోయాను.

“నువ్వే చెప్పినావంట గదప్పా.”

“అవునయ్యగారూ.”

“యాల చెప్పినావు?”

నేను వంగి ఆయన పెట్టె ఎత్తి భుజాన పెట్టుకున్నాను.

“సరేలేప్పా. మీయమ్మకు మాత్రం చెప్పొద్దు. తెలిస్తే ఆయమ్మ ఇంక సంస్కారానికి రాదు.”

చెప్పలేదు. అయ్యగారు వెళ్లాక పెద్దలు చిన్న గ్లాసులే పెట్టించారు. అమ్మ పోయేదాకా చివరి వరుసలో ఆ గ్లాసుతోనే సంస్కారం తీసుకుంది. అయ్యగారి మాట నిలబెట్టానని నాకు నేను చెప్పుకున్నాను. ఎంత సులువుగా నిలబెట్టానో చూడండి.

రిటైరయ్యాక ఆయన మదనపల్లెలో ఉండి, పోయిన నెల అక్కడే కన్నుమూశారు. మా చర్చిలో పెట్టిన జ్ఞాపకార్థ కూడికలో ఆయన జీవితం గురించి చెప్పమని నన్నే పిలిచారు, ఇప్పుడు నేనూ పెద్దనే కదా. ఆయన్ని వెళ్లగొట్టినవాళ్లు ముందు వరుసలో కూర్చుని కళ్లు తుడుచుకుంటున్నారు. ఒళ్లు మండిపోయింది. ఏం ఏడుపురా మీది అనుకున్నాను. మరి నాదో? దేవుని చిత్తం చొప్పున అయ్యగారు కుప్పం వెళ్లారు, అని మైకులో చెప్పాను. దేవుని చిత్తమట. నేను చేసిన పని దేవుడి నెత్తిన పెట్టి, అందరిచేత ఆమెన్ అనిపించుకుని దిగాను.

అయ్యగారి మీద కూడా కోపమే. ఆ పొద్దున నన్ను లాగి ఒక్కటి కొట్టి ఉండకూడదా? బయటికి గెంటి ఉండకూడదా? క్షమించానని ఆయన అనలేదు, నేనూ అడగలేదు. అడుగుదామంటే ఇప్పుడు ఆయన లేరు. అమ్మా లేదు.

అందుకే ఆనాటి విచారణ ప్రశ్నకు ఇన్నాళ్లకు జవాబు చెబుతున్నాను. అయ్యగారు పాత్రలో మిగిలింది తప్ప ఏమీ తాగలేదు. నేను అబద్ధం చెప్పాను.