సముద్రం దగ్గర గోదావరి లెక్క

అద్దె కారులో నేనూ మా ఆవిడా ఇంగ్లండు తిరగడం మొదలుపెట్టి ఇవాళ్టికి మూడో రోజు. మధ్యాహ్నం ఒక చిన్న దీవికి బయలుదేరాం. సముద్రం వెనక్కి తగ్గినప్పుడు దారి బయటపడుతుంది, పోటు వస్తే మునిగిపోతుంది. మునిగే వేళ బోర్డు మీద రాసే ఉంది. ఇంకా అరగంట ఉంది కదా అని కారుని ఆ దారి మీదికి ఎక్కించేశాను.

మాది గోదావరి గట్టు. భద్రాచలంలో పెరిగిన వరద మా ధవళేశ్వరం చేరేలోగా పశువుల్ని మెరక మీదికి తోలి, భోంచేసి, చుట్ట కూడా కాల్చుకోవచ్చు. నీళ్ళంటే నాకు అదే లెక్క.

సగం దూరంలో ఫోటోలకని చాలాసేపు ఆగాం. మళ్ళీ కారెక్కగానే మా ఆవిడ నా చెయ్యి పట్టుకుంది.

"ఏమండీ, రోడ్డు మీదికి నీళ్ళొచ్చేస్తున్నాయండి!"

"వస్తే ఏంటి? నెమ్మదిగా వస్తాయిలే."

"మీ తెలివి తెల్లారినట్టే ఉంది! ముందు వెనక్కి పోనివ్వండి!"

కారు తిప్పే వెడల్పు లేదు. రివర్సు చేద్దామంటే అద్దాల్లో నీళ్ళే తప్ప రోడ్డు అంచు కనబడదు. ఆవిడే చీర ఎగదోపుకుని దిగి, పిక్కలలోతు నీళ్ళలో నడుస్తూ "రండి, రండి, ఎడమకి, ఎడమకండీ బాబూ!" అని అరుస్తుంటే, ఆ గొంతునే నమ్ముకుని వెనక్కి నడిపాను. ఒడ్డెక్కి చూస్తే రోడ్డు లేదు.

స్టీరింగు వదలడానికి నా వేళ్ళు రాలేదు. ఆవిడ కుచ్చెళ్ళు పిండుకుంటూ, "రేపు పొద్దున్నే మళ్ళీ వెళ్దామండి. ఇంత దూరం వచ్చి దీవి చూడకుండా పోతామా?" అంది.

ఎలా తప్పించుకోవాలో తెల్లారేలోగా ఎవరైనా చెప్పండి.