పొట్లం కాగితం మీది ఓబుళేశు

కమలాపురం బస్టాండు నుంచి బజారులోకి తిరిగితే ఎడమచేతి పక్క అనంతయ్య శెట్టి కొట్టు. ఊరంతా ప్లాస్టిక్ కవర్లకు మరిగినా ఆయన మాత్రం పాత పేపర్లలోనే పొట్లం కట్టేవాడు. కడప నుంచి కట్టలు తెప్పించి, చింపి దొంతి పేర్చుకుని, పైన వేలాడే దారపు ఉండను లాగి పొట్లానికి చుట్టి పుటుక్కున తెంపేవాడు. అంతవరకు ఏ పాతకాలపు కొట్లోనైనా చూసిందే. అనంతయ్య కొట్లో ఇంకొకటి ఉండేది. పొట్లం చేతికిచ్చే ముందు దాని మీద పెద్దక్షరాల్లో ఏం పడిందో పైకి చదివి, ఆ తర్వాత ఏం జరిగిందో చెప్పేవాడు. పేపరువాళ్లు సగం చెప్పి ఊరుకుంటారనీ, మిగతా సగం చెప్పే పూచీ కొట్టువాడిదనీ ఆయన వాదన.

‘జిల్లాకు నేడు కరువు బృందం రాక’ అని కందిపప్పు పొట్లం మీద పడితే, ఆ బృందానికి కరువే కొత్త పంచె కట్టుకుని ఎదురెళ్లిందనేవాడు. నన్ను చూడ్డానికి ఢిల్లీ నుంచి ఇంతమందా అని మురిసిపోయి, ఇంత మర్యాద తెలిసిన జిల్లాను వదిలి యాడికి పోతానని ఇక్కడే జాగా కొనుక్కుందట. ‘గండికోటలో చిరుత సంచారం’ అంటే, పాపం అది సెల్ఫీల బాధ పడలేక కోట దిగి బస్సెక్కబోయిందనీ, నేను ఆడచిరుతను, ఆడవాళ్లకు టికెట్టు లేదు కదా అంటే కండక్టరు ఆధార్ కార్డు తీయమన్నాడనీ చెప్పేవాడు. ‘కండువా మార్చిన నేత’ అంటే, ఆ ఇంటి బట్టలు ఇస్త్రీ చేసే మనిషి రోజూ పొద్దున్నే ఫోన్ చేసి ఈపొద్దు ఏ రంగు సామీ అని కనుక్కుంటున్నాడనేవాడు. పావుకిలో చక్కెర ఇంట్లో ఉండగానే ఇంకో పావుకిలోకు వచ్చి నిలబడే ఆడవాళ్లు ఉండేవాళ్లు. లోపల్నుంచి ఆయన భార్య నాగరత్నమ్మ, నోరు కాసేపు మూసి త్రాసు చూడమని గదమాయించేది.

అప్పటికే ఆయన కళ్లకు పొర కమ్మింది. ఆపరేషన్‌కు కడప పోదామని భార్య పోరుతుంటే పెళ్లిళ్ల బేరం అయిపోనీ అని దాటవేస్తూ వచ్చాడు. పెద్దక్షరాలు తప్ప చిన్నవి కనిపించేవి కావు. కొంప ముంచింది అదే.

ఆ రోజు చింతపండు తూచి, కాగితం మడిచి చుట్టాడు. పైకి కనిపించింది ‘రైతు గల్లంతు’ అన్న రెండు మాటలే. మిగతా అక్షరాలు మడత లోపలికి పోయాయి. అలవాటు చొప్పున అందుకున్నాడు. గల్లంతంటే నీళ్లలోనే కదా, ఆ నీళ్లు ఆ రైతు మొహం చూసి హడలిపోయాయట. వీడు మన సీమ రైతు, వీణ్ని ఉంచుకుంటే మనల్ని తాగి ఎండగొడతాడని తీసుకుపోయి అవతలి గట్టున పడేశాయట. అచ్చంపేట దిక్కున ఎవరో మిరపతోటకు కాపలా పెట్టుకున్నారు. ఒక అవ్వ పూటపూటా అంబలి పోస్తోంది. ఉత్తచేతులతో ఇంటికి పోవాలంటే సిగ్గు, మిరపకాయలు ఎండినాక వస్తాడు అన్నాడు. అందరూ నవ్వారు. చింతపండు అడిగిన నాగలక్ష్మమ్మ నవ్వలేదు. పొట్లం కొంగులో పెట్టుకుని వెళ్లిపోయింది.

ఆమె భర్త ఓబుళేశు రెండేళ్ల కిందట శివరాత్రికి నల్లమల అడవిలో నడిచి శ్రీశైలం పోయి, పాతాళగంగలో మునక వేసి మళ్లీ తేలలేదు. శవం దొరకలేదు. అట్లాంటి మనిషికి దర్భలతో బొమ్మ కట్టి, ఆ బొమ్మకే నిప్పు పెట్టి కర్మ చేయడం ఆనవాయితీ. ఓబుళేశు అన్న పుల్లయ్య ఆ మాట ఎత్తినప్పుడల్లా చూద్దాం బావా అని దాటేస్తూ వచ్చిన నాగలక్ష్మమ్మ మొన్నమొన్ననే సరేనని తల ఊపింది.

మర్నాడు పొద్దున ఆమె ఆ కాగితాన్ని మడతలు పోయేలా సాపు చేసి తెచ్చి త్రాసు పక్కన పరిచింది.

“అన్నా, ఆయప్పను చూసినోళ్లు ఎవురు?”

అనంతయ్య కాగితాన్ని ముక్కుకు ఆనించుకుని చూశాడు. ‘పాతాళగంగలో కమలాపురం రైతు గల్లంతు’. మిరపకాయల లారీలు అచ్చంపేట దిక్కు నుంచే ఆయన కొట్టుకు వస్తాయి. లారీవాళ్ల నోట ఏదో విని, నలుగురిలో సూటిగా చెప్పలేక పొట్లం మీద పెట్టి చెప్పాడని ఆమె అనుకుంది. అబద్ధమని అప్పుడే చెప్పి ఉంటే అయిపోయేది. కానీ తలెత్తి ఆమె ముఖం చూశాడు. రెండేళ్లుగా ఆ ముఖంలో లేని కళ ఏదో అప్పుడుంది. ఎవరో లారీవాళ్లు అనుకుంటుంటే చెవిన పడిందమ్మా అని గొణిగాడు.

ఇక వారం వారం సంతరోజున వచ్చేది. బేరం తగ్గేదాకా ఓ పక్కన నిలబడి, అందరూ పోయినాక అడిగేది. చలికి కప్పుకోను దుప్పటి ఉందా అనేది. ఉందమ్మా అనేవాడు. అవ్వ బాగా చూసుకుంటుందా అంటే, కన్నకొడుకు మాదిరి అనేవాడు. మిగతావాళ్లకు హెడ్డింగులు చదవడం మానేశాడు. ఏం శెట్టీ, పేపర్లు అచ్చు వేయడం లేదా అని ఆడవాళ్లు ఎగతాళి చేస్తే కళ్లు కనబడ్డం లేదనేవాడు. రాత్రి కంచం ముందు కూర్చుని మెతుకులు కెలుకుతుంటే, ఆ బిడ్డకు నిజం చెప్పి రాపో, లేకపోతే నేను చెప్తాను అంది నాగరత్నమ్మ. రేపు, రేపు అన్నాడు.

చివరికి పుల్లయ్యే వచ్చాడు. కర్మకు రోజు పెట్టుకుంటే, బతికుండే మనిషికి నిప్పు పెడతారా అని మరదలు అడ్డం పడిందట. గదిలో గొళ్లెం పెట్టుకుందట. పుల్లయ్య కోపంగా అనలేదు. అదే అనంతయ్యను ఎక్కువ కోసింది.

“శెట్టీ, నీ నోటిమాటకు మా ఇంట్లో ఒక మనిషి బతికుండాడు. వాన్ని నువ్వే వచ్చి తీసకపో.”

ఆ సాయంత్రమే నాగలక్ష్మమ్మ సంచి సర్దుకుని కొట్టుకు వచ్చింది.

“ఊరి పేరు చెప్పన్నా. రేపు అచ్చంపేట బస్సుకు పోతాండా. మిరపకాయలు ఎండినా రాలేదంటే సిగ్గుపడుతుంటాడు. నేను పోయి పిలిస్తే వస్తాడు.”

అనంతయ్య గల్లాపెట్టె దగ్గర్నుంచి లేచి వచ్చి మెట్టు మీద, ఆమె కంటే కిందుగా కూర్చున్నాడు.

“ఊరు లేదు తల్లీ. లారీవాళ్లు ఏం చెప్పలా. నేనే కట్టినా. నీ కాగితమని తెలీక కట్టినా, తెలిసినాక చెప్పలేక నడిపించినా.”

ఆమెకు వెంటనే ఎక్కలేదు.

“మరి మిరపతోట?”

“లేదమ్మా.”

“దుప్పటి ఉండాదంటివే.”

“అదీ లేదు.”

ఆమె సంచి కింద పెట్టింది. మెల్లగా అంది.

“అవ్వన్నా ఉండాది అనుకుంటినే.”

ఆయన తిట్లకు సిద్ధపడి కూర్చున్నాడు. ఆమె తిట్టలేదు. సంచి చంకన పెట్టుకుని వచ్చిన దారినే పోయింది. నాగరత్నమ్మ చెప్పులు కూడా తొడుక్కోకుండా ఆమె వెంట ఇంటిదాకా నడిచింది.

పాపఘ్ని ఏటి ఇసుకలో కర్మ జరిగిన రోజు అనంతయ్య కొట్టు తీయలేదు. పిలవకపోయినా వెళ్లి అందరికీ వెనక నిలబడ్డాడు. అయ్యవారు దర్భలు పరిచి తలా, చేతులూ, కాళ్లూ అమర్చి దారంతో బిగించాడు. పుల్లయ్య కొరివి అందుకోబోతుండగా నాగలక్ష్మమ్మ ముందుకు వచ్చింది. ఆడవాళ్లు పట్టుకోబోయారు. ఏడవడానికి రాలేదామె.

“అయ్యవారూ, కుడిభుజం దించండి. పైరుకు మందుకొట్టే ట్యాంకు మోసి మోసి ఆయప్పకు అది కిందికి ఉండేది.”

అయ్యవారు పుల్లయ్య వంక చూశాడు. పుల్లయ్య కొరివి పక్కన పెట్టి, కట్టు విప్పమని సైగ చేశాడు. అయ్యవారు విప్పి, ఒక పక్క దర్భలు కాస్త కిందికి జరిపి కట్టాడు. ఇంకొంచెం అంది. ఇంకొంచెం జరిపాడు. అప్పుడు సరే అన్నట్టు తలాడించి వెనక్కి తగ్గింది.

అనంతయ్య పొర కమ్మిన కళ్లు చికిలించి ఆ వంగిన భుజాన్ని చూశాడు. ఇన్ని వారాలూ ఆ మనిషికి తోట ఇచ్చాడు, దుప్పటి ఇచ్చాడు, అవ్వనిచ్చాడు. భుజం ఎట్లా ఉంటుందో ఒక్కసారీ అడగలేదు. పుల్లయ్య కొరివి పెట్టగానే ఎండిన దర్భలు చిటచిట అంటుకున్నాయి. మొదట కాలింది ఆ పక్కే.